అనువర్తన దృశ్యంలో గ్రిడ్‌ను పొందుపరచడం: తాళపత్ర సూచీ నిర్మాణం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తాళపత్రాలు, శాసనాలు, చాటుపద్యాలు మొదలైన వాటికి సూచికలు నిర్మించుకొనే పరిశోధకులకు గ్రిడ్, అంటే గళ్ళ పట్టిక, నిత్యం అవసరమయ్యే ఉపకరణం. విండోస్ అనువర్తనంలోని ఒక వ్యూలో సొంతంగా తయారుచేసుకొన్న గ్రిడ్‌ను పొందుపరచేటప్పుడు దాని సృష్టి, పరిమాణం, ఫోకస్, ఆదేశాల ప్రసారం, సమాచారంపై అధికారం అనే అంశాలను ఎలా పరిష్కరించుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు లిపిని గడిలో చూపడంలోను, గడిలో టైపు చేయడంలోను ఎదురయ్యే ప్రత్యేక సమస్యలను, వాటివల్ల సూచికలోకి చప్పుడు లేకుండా చేరిపోయే తప్పులను చర్చిస్తుంది.

కీలకపదాలు: గ్రిడ్, వ్యూ, డాక్యుమెంట్, ఎంఎఫ్‌సీ, ఫోకస్, యూనికోడ్, తెలుగు అక్షరం, తాళపత్ర సూచి.

1. ఉపోద్ఘాతం:

వ్రాతప్రతుల మీద పనిచేసే పరిశోధకుడు మొదట తయారుచేసుకొనేది సూచిక. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం వంటి చోట కూర్చొని ఒక్కొక్క ప్రతిని చూస్తూ కృతి పేరు, కర్త, పత్రాల సంఖ్య, పంక్తుల సంఖ్య, ఆద్యంత పద్యాలు, ప్రతి స్థితి వంటి వివరాలను నమోదు చేసుకొంటాడు. ఒకప్పుడు ఇది కార్డుల మీద జరిగేది. ఇప్పుడు చాలామంది స్ప్రెడ్‌షీట్‌లో చేస్తున్నారు. స్ప్రెడ్‌షీట్ మంచి సాధనమే. కాని అది లెక్కల కోసం పుట్టింది. పత్రసంఖ్య గడిలో "3-4" అని టైపు చేస్తే, ఆ గడిని ముందే పాఠ్యంగా అమర్చుకోనప్పుడు, కంప్యూటర్ ప్రాంతీయ అమరికను బట్టి దానిని ఏప్రిల్ 3గానో మార్చి 4గానో మార్చివేసే ప్రోగ్రాములు ఉన్నాయి. మార్చిన తరువాత లోపల మిగిలేది తేదీ సంఖ్య మాత్రమే. మూడు, నాలుగు పత్రాలు అన్న అసలు సమాచారం పోయినట్లే. ఏడాది తరువాత సిద్ధాంతగ్రంథం రాసేటప్పుడు ఈ తప్పు కనబడితే మళ్ళీ ప్రతి దగ్గరకు వెళ్ళడం తప్ప మార్గం లేదు.

కాబట్టి ఒక విభాగమో పరిశోధకబృందమో తన అవసరానికి తగిన చిన్న అనువర్తనాన్ని తయారుచేసుకోవడం వృథాప్రయాస కాదు. అలాంటి అనువర్తనానికి గుండెకాయ గ్రిడ్. గ్రిడ్‌ను గీయడం కష్టం కాదు, గీతలు, గళ్ళు, వాటిలో అక్షరాలు, అంతే. దానిని అనువర్తనంలోని మిగిలిన భాగాలతో సఖ్యంగా ఉండేట్టు అమర్చడమే కష్టం. ఈ వ్యాసం ఆ అమరిక గురించి. ఉదాహరణగా మైక్రోసాఫ్ట్ ఫౌండేషన్ క్లాసెస్, అంటే ఎంఎఫ్‌సీ, చట్రాన్ని తీసుకొన్నాను. ఇది పాతదే. అయితే కొత్త చట్రాలు తెర వెనుక దాచిపెట్టే పనులన్నీ ఇందులో పైకే కనబడతాయి. అందుచేత విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఇదే అనువైనదని నా అభిప్రాయం.

2. డాక్యుమెంట్, వ్యూ విభజన:

సమాచారాన్ని, దానిని చూపే తెరను వేరుచేయాలన్న ఆలోచన 1979లో జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ స్మాల్‌టాక్ వాతావరణంలో ప్రతిపాదించిన మోడల్, వ్యూ, కంట్రోలర్ విధానానికి చెందినది. 1993లో విజువల్ సీ ప్లస్ ప్లస్ 1.0తో వచ్చిన ఎంఎఫ్‌సీ 2.0 దీనినే కొంత సరళం చేసి డాక్యుమెంట్, వ్యూ అనే రెండు భాగాలుగా స్వీకరించింది. డాక్యుమెంట్ సమాచారాన్ని భద్రపరుస్తుంది, ఫైలులోకి రాస్తుంది, ఫైలునుంచి చదువుతుంది. వ్యూ దానిని తెరమీద చూపుతుంది, వాడుకరి చేసే మార్పులను అందుకొంటుంది. వీటికి బయట ఫ్రేమ్ ఉంటుంది. మెనూ, పనిముట్ల పట్టీ ఉండేది దానిమీదే.

తాళపత్ర సూచి విషయంలో ఈ విభజన చాలా సహజంగా కుదురుతుంది. సూచిక అంతా డాక్యుమెంట్. దానిని గళ్ళపట్టికగా చూపేది ఒక వ్యూ. అదే సూచికలోని ఒక్క ప్రతి వివరాలను విడి పత్రంలా చూపే మరో వ్యూ ఉండవచ్చు. గ్రిడ్‌ను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు మూడు సమాధానాలు ఉన్నాయి. సీకంట్రోల్‌వ్యూ అనే క్లాస్‌నుంచి పుట్టించి వ్యూనే గ్రిడ్‌గా మార్చడం మొదటిది. ఎంఎఫ్‌సీలోని జాబితా వ్యూ, వృక్ష వ్యూ ఇలాగే తయారయ్యాయి. సీఫామ్‌వ్యూలో, అంటే డైలాగ్ నమూనామీద నడిచే వ్యూలో, మిగిలిన పెట్టెల పక్కన గ్రిడ్‌ను ఒక కంట్రోల్‌గా ఉంచడం రెండవది. సాధారణ సీవ్యూకు గ్రిడ్‌ను పిల్లవిండోగా చేసి, వ్యూ విస్తీర్ణమంతా దానితో నింపడం మూడవది. సొంత గ్రిడ్‌కు మూడవదే మేలు. గ్రిడ్ క్లాస్‌కు వ్యూ సంగతి తెలియనవసరం లేదు. రేపు అదే గ్రిడ్‌ను డైలాగ్‌లోనూ వాడుకోవచ్చు. క్రిస్ మాండర్ రూపొందించి మూలసంకేతంతో సహా అందుబాటులో ఉంచిన ఎంఎఫ్‌సీ గ్రిడ్ కంట్రోల్‌ను కూడా వ్యూలో ఈ పద్ధతిలోనే అమర్చుకొంటారు.

3. గ్రిడ్ ఎప్పుడు పుట్టాలి:

చాలామంది గ్రిడ్‌ను వ్యూలోని ఆన్‌ఇనిషియల్‌అప్‌డేట్ ఫంక్షన్‌లో సృష్టిస్తారు. పేరునుబట్టి అది ఒక్కసారే నడుస్తుందనిపిస్తుంది. నిజానికి ఒకే డాక్యుమెంట్‌ను చూపే అనువర్తనాల్లో వాడుకరి కొత్త ఫైలు తెరిచిన ప్రతిసారీ పాత డాక్యుమెంట్ వస్తువు, పాత వ్యూ తిరిగి వాడబడతాయి, ఈ ఫంక్షన్ మళ్ళీ నడుస్తుంది. ఫలితంగా రెండవ ఫైలు తెరిచేసరికి ఉన్న గ్రిడ్ మీద మరో గ్రిడ్ పుట్టించే ప్రయత్నం జరుగుతుంది. పరీక్షించేటప్పుడు ఒక్క ఫైలే తెరిచి చూసే అలవాటు ఉన్నవారికి ఈ లోపం నెలల తరబడి కనబడదు.

వ్యూ విండో పుట్టిన వెంటనే నడిచే ఆన్‌క్రియేట్‌లో గ్రిడ్‌ను సృష్టించడం క్షేమం. ముందుగా మాతృక్లాస్ ఆన్‌క్రియేట్‌ను పిలవాలి. డాక్యుమెంట్‌తో వ్యూ అనుసంధానమయ్యేది అందులోనే. ఆ సమయానికి వ్యూ విస్తీర్ణం సున్నా ఉన్నా నష్టం లేదు. వెనువెంటనే వచ్చే పరిమాణ సందేశంలో గ్రిడ్‌ను సరిచేయవచ్చు. ఇక గ్రిడ్‌ను సమాచారంతో నింపే పని ఆన్‌అప్‌డేట్‌లో ఉండాలి. ఆన్‌ఇనిషియల్‌అప్‌డేట్ సహజంగా చేసే పని కూడా ఆన్‌అప్‌డేట్‌ను పిలవడమే. ఇలా చేస్తే పుట్టుక ఒక్కసారి, నింపడం ఎన్నిసార్లయినా అన్న క్రమం తప్పదు.

గ్రిడ్ సొంత విండో క్లాస్‌ను నమోదు చేసుకోవడం మరచిపోరాదు. డైలాగ్ నమూనాలో వాడదలచుకొంటే ఆ నమోదు డైలాగ్ తెరుచుకోక ముందే జరగాలి, లేకపోతే డైలాగే తెరుచుకోదు. వ్యూకు అంచు ముందే ఉంటుంది కనుక గ్రిడ్‌కు మళ్ళీ అంచు ఇవ్వడం అనవసరం.

4. పరిమాణం, మినుకుమినుకు:

ఆన్‌సైజ్ సందేశం వచ్చినప్పుడల్లా వ్యూ లోపలి విస్తీర్ణమంతా గ్రిడ్‌కు ఇచ్చివేయాలి. అయితే గ్రిడ్ విండో ఉన్నదో లేదో చూసి మాత్రమే ఆ పని చేయాలి. వ్యూ పుట్టుకలో వచ్చే సందేశాల వరుస మన అదుపులో ఉండదు.

కిటికీ అంచు పట్టుకొని లాగినప్పుడు గ్రిడ్ మినుకుమినుకుమనడం అందరూ చూసేదే. వ్యూ తన నేపథ్యాన్ని తెల్లగా తుడుస్తుంది, ఆ వెంటనే గ్రిడ్ దానిమీద గీస్తుంది. కన్ను ఈ రెండింటినీ పట్టుకొంటుంది. వ్యూ నేపథ్యం ఎలాగూ కనబడదు కాబట్టి తుడిచే సందేశానికి "పని అయిపోయింది" అని సమాధానమిచ్చి ఊరుకోవచ్చు. పిల్లవిండోలున్న చోటును వదిలిపెట్టి గీయమని చెప్పే శైలిని వ్యూకు జతచేయాలి. వ్యూలోని ఆన్‌డ్రా ఫంక్షన్ తప్పనిసరిగా ఉండాలి గాని దానిలో రాయవలసినది ఏమీ లేదు.

5. ఫోకస్, ఆదేశాలు:

ఇక్కడినుంచి విషయం చిక్కబడుతుంది. ఫ్రేమ్ దృష్టిలో క్రియాశీలమైనది వ్యూ. వాడుకరి దృష్టిలో గ్రిడ్. ఈ రెండింటి మధ్య ఉన్న భేదమే చాలా ఇబ్బందులకు మూలం.

వాడుకరి మరో అనువర్తనంలోకి వెళ్ళి తిరిగి వచ్చాడనుకొందాం. ఫ్రేమ్ ఫోకస్‌ను వ్యూకు ఇస్తుంది. వ్యూ దానిని గ్రిడ్‌కు అందించకపోతే బాణపు మీటలు పనిచేయవు, మౌస్‌తో ఒకసారి నొక్కేవరకు గ్రిడ్ మొండికేసినట్టు ఉంటుంది. వ్యూలో ఆన్‌సెట్‌ఫోకస్ రాసి, ఫోకస్‌ను గ్రిడ్‌కు బదలాయించడం దీనికి చాలు. ఫామ్‌వ్యూలో అయితే మరో సమస్య ఉంది. అక్కడ డైలాగ్ యంత్రాంగం బాణపు మీటలను, ట్యాబ్‌ను, ఎంటర్‌ను తనే తీసుకొంటుంది. ఈ మీటలు నాకు కావాలని గ్రిడ్ చెప్పుకోవలసి ఉంటుంది. అందుకు వచ్చే ప్రశ్నాసందేశం పేరు డబ్ల్యూఎం గెట్‌డైలాగ్‌కోడ్.

ఆదేశాల మార్గం ఇంకొకటి. కంట్రోల్, సీ మీటలు నొక్కితే ఆ నొక్కుడు గ్రిడ్‌కు చేరకముందే ఫ్రేమ్ దానిని నకలు ఆదేశంగా మార్చి క్రియాశీలమైన వ్యూకు, అక్కడినుంచి డాక్యుమెంట్‌కు పంపుతుంది. గ్రిడ్ ఈ దారిలో లేదు. ఆదేశాన్ని స్వీకరించేవారు ఎవరూ కనబడకపోతే ఎంఎఫ్‌సీ మెనూలోని ఆ అంశాన్ని బూడిదరంగులోకి మార్చివేస్తుంది. గ్రిడ్‌లో నకలు తీసే ఫంక్షన్ చక్కగా రాసి ఉంటుంది, మెనూ మాత్రం బూడిదరంగులో వెక్కిరిస్తూ ఉంటుంది. వ్యూలో ఆన్‌కమాండ్‌మెసేజ్‌ను తిరగరాసి, వచ్చిన ఆదేశాన్ని ముందు గ్రిడ్‌కు చూపి, అది స్వీకరించకపోతేనే మాతృక్లాస్‌కు ఇవ్వాలి. గడిలో టైపు చేస్తున్న సమయంలో నకలు ఆదేశం వస్తే గ్రిడ్ దానిని ఆ గడిలోని చిన్న టైపుపెట్టెకు అందించాలి. లేకపోతే ఒక పదాన్ని ఎంచుకొని నకలు తీస్తే గడి మొత్తం నకలవుతుంది.

భద్రపరచు ఆదేశం వీటన్నిటికంటె ప్రమాదకరమైనది. పరిశోధకుడు ఒక గడిలో కర్త పేరు సరిదిద్దుతాడు. ఎంటర్ నొక్కకుండానే పనిముట్ల పట్టీలో భద్రపరచు గుర్తును నొక్కుతాడు. పనిముట్ల పట్టీ ఫోకస్ తీసుకోదు. అందుచేత గడిలోని టైపుపెట్టె ఇంకా తెరిచే ఉంటుంది, దానిలోని మాట డాక్యుమెంట్‌కు చేరలేదు. ఫైలు పాత పేరుతోనే భద్రమవుతుంది. తెరమీద మాత్రం కొత్త పేరు కనబడుతూ ఉంటుంది. మరేదీ మార్చకపోయి ఉంటే డాక్యుమెంట్ తనలో మార్పే లేదనుకొంటుంది, మూసేటప్పుడు హెచ్చరిక కూడా ఇవ్వదు. కాబట్టి భద్రపరచే ముందు, మూసే ముందు, డాక్యుమెంట్ తన వ్యూలన్నిటినీ వరుసగా అడిగి, తెరిచి ఉన్న గడిని ముగింపజేయాలి. గ్రిడ్ పొందుపరచే పనిలో ఒక్క జాగ్రత్తే తీసుకోగలనన్నవారికి నేను చెప్పేది ఇదే.

6. సమాచారం ఎవరిది:

గ్రిడ్ తయారుచేసేవారు సహజంగా ప్రతి గడికీ ఒక వస్తువును కల్పించి, పాఠ్యాన్ని అందులో దాస్తారు. ఇరవై వేల పద్యాల సూచికకు ఎనిమిది నిలువువరుసలుంటే 1,60,000 గడి వస్తువులు అవుతాయి. నేటి కంప్యూటర్లకు అది మోయలేని బరువు కాదు. అసలు దోషం బరువులో లేదు. ఒకే సమాచారం డాక్యుమెంట్‌లో ఒకటి, గ్రిడ్‌లో ఒకటిగా రెండు ప్రతులైనప్పుడు వాటి మధ్య పాఠభేదాలు పుట్టడం తప్పదు. పరిష్కర్తలకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత గ్రిడ్ దగ్గర సమాచారమేదీ ఉంచకపోవడం ఉత్తమం. గీయవలసి వచ్చినప్పుడు ఫలానా అడ్డువరుస, ఫలానా నిలువువరుసలో ఏముందని గ్రిడ్ అడుగుతుంది. వ్యూ డాక్యుమెంట్‌ను చూసి చెబుతుంది. తెరమీద నలభై అడ్డువరుసలు పడితే అడిగే ప్రశ్నలు 320 మాత్రమే. గడి మారినప్పుడు కూడా గ్రిడ్ తనంతట మార్చుకోదు, ఈ మార్పు కోరుతున్నారని వ్యూకు తెలుపుతుంది. వ్యూ డాక్యుమెంట్‌లో మార్చి, మార్పు జరిగిన గుర్తు పెట్టి, మిగిలిన వ్యూలకు కబురు చేస్తుంది. డాట్‌నెట్ 2.0లోని డేటాగ్రిడ్‌వ్యూకు ఉన్న వర్చువల్ మోడ్, క్యూటీ నాలుగవ తరంలో వచ్చిన టేబుల్‌వ్యూ, జావా స్వింగ్‌లోని జేటేబుల్ ఈ సూత్రం మీదనే నడుస్తాయి.

ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. కర్త పేరునుబట్టి క్రమపరచినప్పుడు పన్నెండవ అడ్డువరుసలో నిన్న ఉన్న ప్రతి నేడు ఉండదు. గ్రిడ్ అడ్డువరుస సంఖ్యను మాత్రమే గుర్తుపెట్టుకొంటే, గడి తెరిచి ఉండగా క్రమం మారిన పక్షంలో ఒక ప్రతికి రాసిన వివరం మరో ప్రతికి అంటుకొంటుంది. ప్రతి ప్రవేశానికీ మారని సంఖ్య ఒకటి ఇచ్చి, టైపుపెట్టె తెరిచిన క్షణంలోనే ఆ సంఖ్యను పట్టుకొని ఉండాలి.

జరుపుపట్టీ విషయంలో మరో చిన్న సంగతి. నిలువు జరుపుడు సందేశంలో స్థానాన్ని తెలిపే అంకె పదహారు బిట్లది, 65,535 దాటదు. అడ్డువరుస ఎత్తు 24 పిక్సెళ్ళయితే, పిక్సెళ్ళలో లెక్కించే గ్రిడ్‌లో దాదాపు 2,730వ వరుస దగ్గరే ఆ పరిమితి వచ్చేస్తుంది. ఆ తరువాత పట్టీని లాగితే పట్టిక మొదటికి దూకుతుంది. సందేశంలోని అంకెను వదిలి గెట్‌స్క్రోల్‌ఇన్‌ఫో ద్వారా పూర్తి స్థానాన్ని అడిగి తెలుసుకొంటే ఈ దూకుడు ఆగుతుంది.

7. గడిలో తెలుగు:

ఇంతవరకు చెప్పినవి ఏ భాషకైనా వర్తిస్తాయి. తెలుగు గడిలోకి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది.

విండోస్‌లో తెలుగుకు ఏఎన్‌ఎస్‌ఐ కోడ్‌పేజీ లేదు, యూనికోడ్ ఒక్కటే దారి. విజువల్ స్టూడియో 2005కు ముందు తయారైన ప్రాజెక్టులు సాధారణంగా బహుబైట్ అమరికతో మొదలయ్యేవి. అలాంటి పాత గ్రిడ్ సంకేతాన్ని అలాగే తెచ్చుకొంటే తెలుగు స్థానంలో ప్రశ్నార్థకాలు వస్తాయి. ఇది కంటికి కనబడే తప్పు కాబట్టి త్వరగానే దొరుకుతుంది. కనబడనివే కష్టపెడతాయి.

మొదటిది అడ్డువరుస ఎత్తు. గ్రిడ్ సాధారణంగా తాను ఎంచుకొన్న ఫాంట్ ఎత్తునుబట్టి వరుస ఎత్తును నిర్ణయిస్తుంది. ఆ ఫాంట్ ఆంగ్లానిదైతే, తెలుగు అక్షరాలను వ్యవస్థ మరో ఫాంట్‌నుంచి తెచ్చి గీస్తుంది. కొలత ఒకరిది, అక్షరం మరొకరిది. ఫలితంగా కింది వత్తులు గడి అంచు దగ్గర తెగిపోతాయి. వత్తు తెగిన పదం తప్పుగా కనబడదు, మరో పదంగా కనబడుతుంది. అదే అసలు చిక్కు. "పద్మ" కింది మకారవత్తు తెగితే "పద" అని చదువుకొంటాం. అందుచేత గ్రిడ్‌కు తెలుగు ఫాంట్‌నే స్పష్టంగా ఇవ్వాలి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, విండోస్ 7తో వాణి, విండోస్ 8తో నిర్మల యూఐ వచ్చాయి. వరుస ఎత్తును ఆ ఫాంట్ కొలతలనుంచే తీసుకొని, "కార్త్స్న్యం" వంటి పదాన్ని గడిలో గీసి కళ్ళతో చూసుకోవాలి. కొలత ఫంక్షన్ ఇచ్చే ఎత్తు ఫాంట్ పంక్తి ఎత్తే గాని సిరా ఎంతవరకు దిగిందన్న లెక్క కాదు.

రెండవది అక్షరాల లెక్క. "స్త్రీ" మన దృష్టిలో ఒక అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. "కార్త్స్న్యం" రెండక్షరాలు, పన్నెండు సంకేతాలు. నిలువువరుస వెడల్పును అక్షరసంఖ్యతో గుణించి కట్టే గ్రిడ్ తెలుగుకు ఎప్పుడూ తప్పు వెడల్పే ఇస్తుంది. గడిలో పట్టని పాఠ్యాన్ని సంకేతాల లెక్కన కత్తిరించి చుక్కలు పెట్టే గ్రిడ్ "స్త్రీ"ని "స్"గా చూపిస్తుంది. ఒక్కొక్క సంకేతాన్నీ విడివిడిగా గీసే గ్రిడ్‌ల సంగతి చెప్పనే అక్కరలేదు, వాటిలో వత్తులు అతకవు. పాఠ్యాన్ని మొత్తంగా వ్యవస్థకు అప్పగించాలి, వెడల్పును పిక్సెళ్ళలో అడిగి తెలుసుకోవాలి.

మూడవదానిని పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. గడి ఎంపికై ఉన్నప్పుడు వాడుకరి నేరుగా టైపు చేయడం మొదలుపెడితే గ్రిడ్ మొదటి అక్షరాన్ని అందుకొని, టైపుపెట్టెను తెరిచి, ఆ అక్షరాన్ని అందులో పెడుతుంది. ఆంగ్లంలో ఇది ఇబ్బంది లేకుండా సాగుతుంది, ఒక మీటకు ఒక అక్షరం. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో "క్ష" వంటి సంయుక్తాక్షరాలకు ఒకే మీట ఉంటుంది. దానిని నొక్కితే క, పొల్లు, ష అని మూడు అక్షర సందేశాలు వరుసలో చేరతాయి. మూడింటి మీదా గ్రిడ్ చిరునామాయే ఉంటుంది, ఎందుకంటే మీట నొక్కిన సమయంలో ఫోకస్ గ్రిడ్‌దే. మొదటి సందేశంతో టైపుపెట్టె తెరుచుకొంటుంది, అందులో "క" పడుతుంది. మిగిలిన రెండూ టైపుపెట్టెకు పోకుండా గ్రిడ్‌కే వచ్చి, అక్కడ ఎవరూ పట్టించుకోక పోతాయి. "క్షేత్రమాహాత్మ్యం" అని టైపు చేసినవారికి "కేత్రమాహాత్మ్యం" మిగులుతుంది. గడి మధ్యలో "క్ష" వస్తే లోపం లేదు, మొదట్లోనే లోపం. అందుకే చూసేవారు దానిని టైపు చేసినవారి పొరపాటనుకొంటారు. ఒక విద్యార్థిని నేను కూడా ఆ విధంగానే మందలించాను. అదే తప్పు నా చేతిమీదుగా జరిగినప్పుడు గాని అనుమానం గ్రిడ్ మీదికి పోలేదు. టైపుపెట్టె తెరిచి ఉండగా గ్రిడ్‌కు అక్షర సందేశం వస్తే దానిని తిరిగి టైపుపెట్టెకు పంపించడమే విరుగుడు, రెండు పంక్తుల సంకేతం.

నాలుగవది క్రమం, అన్వేషణ. సంకేతాల విలువలనుబట్టి క్రమపరిస్తే తెలుగు అకారాదిక్రమం రాదు. దంత్య చకార జకారాలు, అంటే ౘ, ౙ, 2008లో యూనికోడ్ 5.1తో చేరాయి. వాటి స్థానం పట్టికలో హకారం తరువాత ఎక్కడో ఉంది. వాటితో మొదలయ్యే పదాలు సూచిక చివరికి పోతాయి. సున్న సంకేతం అచ్చులన్నిటికంటె ముందున్నది కనుక, "అంగ" అన్నది "అక్ష" కంటె ముందు వస్తుంది. ఇది సరైనదో కాదో మనం అనుసరించే నిఘంటు సంప్రదాయాన్నిబట్టి నిర్ణయించుకోవలసిన విషయం. గ్రిడ్ నిర్ణయించవలసినది కాదు. నిలువువరుస శీర్షిక నొక్కగానే గ్రిడ్ తనంతట క్రమపరిచే సౌకర్యాన్ని ఆపివేసి, డాక్యుమెంట్‌లో ప్రతి పదానికీ ఒక క్రమకీలకాన్ని తయారుచేసి, దానిని పోల్చాలి.

అన్వేషణలో మరో రెండు చిక్కులున్నాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం, ఐత్వపు కింది గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకటే, పోలికలో వేరు. పొల్లు తరువాత అక్షరాలు అతుక్కోకుండా పెట్టే కనబడని సంకేతం ఒకటి ఉంది. ఒకరు దానిని పెడతారు, మరొకరు పెట్టరు. గడిలోంచి పాఠ్యం డాక్యుమెంట్‌లోకి వెళ్ళే ద్వారం దగ్గరే ఐత్వాన్ని ఒకే రూపానికి తేవాలి. కనబడని సంకేతాన్ని మాత్రం పాఠ్యంనుంచి తీసివేయరాదు, ఎందుకంటే అది చదవడాన్ని మారుస్తుంది. పోల్చేటప్పుడు మాత్రమే దానిని విస్మరించాలి.

8. ముద్రణ:

సూచిక చివరకు కాగితం మీదికి వస్తుంది, కనీసం సిద్ధాంతగ్రంథం అనుబంధంగానైనా. తెరమీద గీసే ఫంక్షన్‌నే ముద్రణకూ వాడితే మొదటి ప్రయత్నంలో చీమల బారు వంటి అక్షరాలు వస్తాయి. తొమ్మిది పాయింట్ల ఫాంట్ అంగుళానికి 96 చుక్కల తెరమీద 12 పిక్సెళ్ళు. అదే 12 చుక్కలు 600 చుక్కల ముద్రణయంత్రం మీద అర మిల్లీమీటరు మాత్రమే. ముద్రణయంత్రం సాంద్రతనుబట్టి ఫాంట్‌ను మళ్ళీ సృష్టించాలి, అక్కడ తొమ్మిది పాయింట్లకు 75 చుక్కలు కావాలి. నిలువువరుసల వెడల్పులను కూడా ఆ నిష్పత్తిలోనే పెంచాలి.

పుటకు ఎన్ని అడ్డువరుసలు పడతాయన్న లెక్కను ముద్రణ మొదలయ్యే సమయంలో, ఆ యంత్రం కొలతలతో వేయాలి. వ్యూలోని ఆన్‌బిగిన్‌ప్రింటింగ్ అందుకు తగిన చోటు. శీర్షికల వరుసను ప్రతి పుటలోను తిరిగి గీయాలి. ఆద్యంత పద్యాల గడి రెండు మూడు పంక్తులకు పెరిగే అవకాశం ఉంది కాబట్టి వరుసల ఎత్తులు సమానంగా ఉంటాయని అనుకోరాదు. పుట అడుగున పూర్తిగా పట్టని వరుసను తరువాతి పుటకు నెట్టాలి. తెరమీది క్రమం ఏదైనా, ముద్రణలో మొదటి నిలువువరుసగా ప్రతి ప్రవేశానికి ఇచ్చిన మారని సంఖ్యనే వేయాలి. కాగితం మీద పెన్సిలుతో చేసిన దిద్దుబాట్లను మళ్ళీ గ్రిడ్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ సంఖ్యతోనే ప్రతిని వెతుక్కొంటాం.